గెలిచిన రోజు వస్తానన్నాను

ఆటగాళ్ళకి పట్టదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకండి. గ్యాలరీలో మీరు గొంతు చించుకుంటారే, ఓడిన రోజు అన్నం మానేస్తారే, నీలం చొక్కా ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తారే, ఆ పగలో పదోవంతు కూడా మైదానంలో పరిగెత్తేవాడికి ఉండదు. ఇరవై రెండేళ్ళు వాళ్ళ బట్టలు ఉతికినవాణ్ణి. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి పుస్తకాలు తెలియవు గానీ చొక్కాలు తెలుసు. మనిషి నోరు అబద్ధమాడొచ్చు. వాడు విప్పి పడేసిన చొక్కా ఆడదు.

ఇంత తెలిసినవాడివి ముందే ఎందుకు బుద్ధి తెచ్చుకోలేదని అడుగుతారు. అడగండి. నేనూ రోజూ అదే అడుగుతున్నాను.

మా ఊరి నడుమ ఏరు. ఫుట్‌బాల్ అంటే ఇవతల ఎర్రజట్టు, అవతల నీలిజట్టు, మధ్యలో వంతెన. ఎర్రజట్టు బట్టలూ బూట్లూ చూసే పని నాది. అక్కని ఇచ్చింది మాత్రం వంతెన అవతల. బావని కోస్తే నెత్తురు నీలంగా కారుతుందేమో అన్నంత నీలిజట్టు మనిషి. ఏడేళ్ళ కిందట ఒక ఆదివారం వాళ్ళు మమ్మల్ని నాలుగు గోల్స్‌తో చితక్కొట్టారు. ఆ సాయంత్రమే వాళ్ళింట్లో భోజనం. బావ ముద్ద కలుపుతూ అన్నాడు:

"ఏరా బామ్మర్దీ, గోల్ కాసే మీ గోలీ చేతులకి నూనె రాసుకొచ్చాడా? లేకపోతే నువ్వే వాడి గ్లౌజుల్లో సబ్బు వదిలేశావా?"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. మైదానం గోడ మీద నుంచి మొదటి మ్యాచ్ చూడ్డానికి నన్ను భుజాలెక్కించుకుంది అక్క. ఆ అక్క నవ్వే గుచ్చుకుంది నాకు. కంచం తోసేసి లేచాను.

"ఇక ఈ గడప తొక్కితే మేం గెలిచిన రోజే తొక్కుతా. అంతదాకా నాకీ ఇల్లు లేదు."

చెప్పులు తొడుక్కుంటుంటే వెనకనుంచి బావ, "అయితే ఈ జన్మకి రావు పో!" అన్నాడు. ఆయన అన్నది వేళాకోళం. నేను అన్నది కాదు.

ఆ తర్వాత ఆరేళ్ళలో మేం వాళ్ళని ఒక్కసారి కూడా గెలవలేదు. అయినా మా అక్కాతమ్ముళ్ళకి ఎడం రాలేదు. ఎందుకంటే అక్కే వచ్చేది. వారానికోసారి బస్సెక్కి, చేతిసంచీ ఒడిలో పెట్టుకుని వంతెన దాటి వచ్చేది. "ఒట్టు పెట్టుకుంది నువ్వు, నేను కాదుగా" అనేది. నాకూ అది బాగానే సరిపోయింది. పౌరుషం నాది, బస్సు ప్రయాణం ఆవిడది.

వానలు వెనకబట్టి సీజను మొదలైన నెలలో అక్క రావడం ఆగిపోయింది. మోకాళ్ళన్నారు. తర్వాత నీరసమన్నారు. ఒకరోజు నా భార్య చూసొస్తానని వెళ్ళి, తిరిగొచ్చి, గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"మోకాళ్ళూ కాదు, మోచేతులూ కాదు. కడుపులో గడ్డ. డాక్టర్లు పెదవి విరిచేశారు. మీ బావే అన్నీ చేస్తున్నాడు. ఆవిడ మీకు చెప్పొద్దందట."

"ఎందుకు?"

"చెప్తే మీరు రావాల్సొస్తుందిగా. ఒట్టు తప్పుతుందిగా పాపం, మహానుభావుడికి!"

ఫోన్ చేశాను. అక్క గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది గానీ మాట మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"ఏరా చిన్నోడా, కంగారుపడకు. వచ్చే ఆదివారమేగా మీ మ్యాచ్?"

"అవునక్కా. ఈసారి గెలుస్తాం. గెలిచి నేరుగా నీ దగ్గరికే వస్తా."

"గెలిచినా ఓడినా రారా. మీరు గెలిచేదాకా ఆగాలంటే నేనింకో జన్మ ఎత్తాలి." నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. ఫోన్ బావ తీసుకున్నాడు. ఆయన ఊపిరి వినబడింది. పెట్టేశాను.

నా లెక్క నాకుండేది. ఆ ఏడు వాళ్ళతో రెండు మ్యాచ్‌లు ఖాయం. కప్పు పోటీలో ఎదురుపడితే మూడు. ఒక్కటి గెలిస్తే చాలు. తలెత్తుకుని వెళ్తాను, బావ మొహం చూస్తాను, అక్క మంచం పక్కన కూర్చుంటాను. ఓడిపోయి వెళ్తే? రోగి మీద జాలిపడి వచ్చిన చుట్టంలాగా, తల వంచుకుని వెళ్ళడమా? అక్కకి కూడా చిన్నతనమే అనుకున్నాను. చూశారా, అక్క పేరు చెప్పుకుని ఎంత చక్కగా నా పని కానిచ్చుకున్నానో.

మొదటి మ్యాచ్ రెండొకటితో ఓడాం.

ఓడిన రోజు బట్టల గది పీనుగు లేచిన ఇల్లులాగా ఉంటుంది. కనీసం నేను అలా ఉంచేవాణ్ణి. బురద ఎండనివ్వాలి, తడిమీద రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. నెత్తురు మరకకి చన్నీళ్ళే, వేణ్ణీళ్ళు తగిలితే జన్మకి వదలదు. అంకెలు ఊడకుండా చొక్కా తిరగేసి ఉతకాలి. ఇవన్నీ చేస్తూ లోపల కుతకుతలాడుతున్నాను. అప్పుడు మా కెప్టెన్ స్నానం చేసి, తువ్వాలు మెడలో వేసుకుని వచ్చాడు. చేతిలో నీలం చొక్కా. అవతలి గోలీది. మ్యాచ్ అయ్యాక మార్చుకున్నాడు.

"బాబాయ్, దీన్ని కాస్త జాగ్రత్తగా ఉతికిపెట్టు. మా చిన్నదానికి ఈ గోలీ అంటే ప్రాణం. గోడంతా వీడి బొమ్మలే."

"నీ కూతురికా? నిన్ను గోల్ కొట్టనివ్వనివాడి బొమ్మలా?"

"ఏం చేస్తాం? నా బొమ్మ ఒక్కటి పెట్టమంటే, 'నువ్వు రోజూ ఇంట్లోనే ఉంటావుగా నాన్నా' అంది."

నీలం చొక్కాని నేను ఏనాడూ మా వాటితో కలపలేదు. రంగు దిగుతుందని చెప్పేవాణ్ణి. తలుపు వెనక మేకుకి వేరుగా తగిలించి, మర్నాడు వేరే బకెట్‌లో, పురుగుని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని ఉతికేవాణ్ణి. ఆ రోజూ మేకుకే తగిలించాను.

"ఈ రోజుల్లో రంగులు దిగవు బాబాయ్" అన్నాడు కెప్టెన్.

"నీకేం తెలుసు?" అన్నాను.

ఆ వారం వెళ్ళలేదు. రెండో మ్యాచ్‌కి పది వారాలుంది. ఆ పది వారాలూ నా భార్యే బస్సెక్కింది. ప్రతిసారీ వచ్చి ఒక్కొక్క ముక్క నా ముందు పడేసేది. "ఈవేళ లేచి కూర్చుంది." "ఈవేళ జావ తాగింది." "ఈవేళ మీ బావ ఆవిడ తల దువ్వుతున్నాడు. దువ్వడం రాదు పాపం, చిక్కు తీస్తూ ఆయనే ఏడుస్తున్నాడు." ఒకసారి మాత్రం గట్టిగానే అడిగింది:

"ఒక తోలు బంతి కోసం తోడబుట్టినదాన్ని వదులుకుంటారా?"

"వదులుకోవడమేంటే? ఇంకో మూడు వారాలు. గెలుస్తాం."

"గెలవకపోతే?"

మగాడు చేసే పనే చేశాను. చొక్కా వేసుకుని బయటికి పోయాను.

రెండో మ్యాచ్ గెలిచినట్టే గెలిచాం. ఒకటి సున్నా మీద ఆఖరి నిమిషం దాకా లాక్కొచ్చాం. నేను మైదానం అంచున నీళ్ళ సీసాల బుట్ట పక్కన నిలబడి, మనసులో అప్పటికే వంతెన ఎక్కేశాను. బావతో ఏమనాలో మాట కూడా కూర్చిపెట్టుకున్నాను: "ఏం బావా, మీ గోలీ ఇవాళ నూనె రాసుకొచ్చాడా?" ఆరేళ్ళు నానబెట్టిన మాట. ఈల ఊదడానికి అర నిమిషం ఉందనగా వాళ్ళ కుర్రాడెవడో తలతో తోశాడు. ఒకటీ ఒకటీ.

లోపలికొచ్చేసరికి నడవలో మా కెప్టెనూ వాళ్ళ గోలీ గోడకి ఆనుకుని నిలబడి పకపకా నవ్వుకుంటున్నారు. పిల్లల బళ్ళో ఏదో నాటకమట, ఇతని కూతురు చెట్టు వేషమట, అతని కొడుకు ఆ చెట్టు మీద పిట్టట. చెట్టు కదిలి పిట్ట కింద పడిందట. నా చేతిలో బుట్ట నేలకేసి కొట్టాను.

"నవ్వుతున్నారా? నోటి దగ్గరి కూడు పోయింది, నవ్వుతున్నారా?"

గోలీ వెళ్ళిపోయాడు. కెప్టెన్ సీసాలు ఏరడం మొదలుపెట్టాడు.

"ఏమైంది బాబాయ్?"

చెప్పాను. ఒట్టు, అక్క, కడుపులో గడ్డ, అన్నీ చెప్పాను. ఎవరికీ చెప్పనివాణ్ణి, అతనికి చెప్పాను. అతను సీసా చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"అంటే, మేం గెలవలేదని నువ్వు మీ అక్కని చూళ్ళేదా?"

"నీకు అర్థం కాదులే. నీకసలు వాళ్ళంటే కోపమే లేదు."

"తొంభై నిమిషాలు ఉంటుంది బాబాయ్. కాలు విరగ్గొట్టేంత ఉంటుంది. ఈల ఊదాక దేనికి? వాడూ నేనూ పదమూడేళ్ళప్పుడు ఒకే హాస్టల్లో ఒకే మంచం మీద పడుకున్నాం. పోయినేడు నా మోకాలు పోతే మూడు నెలలు మా పిల్లని బడికి దింపింది వాడు. అప్పుడు మన గ్యాలరీ వాళ్ళు ఏం చేశారో తెలుసా? వీడి పని అయిపోయింది, వేరేవాణ్ణి కొనండి అని అరిచారు." సీసా బుట్టలో వేశాడు. "వచ్చే ఏడు నేనే అటు వెళ్ళొచ్చు. ఇది మా పని. నువ్వు బట్టలు ఉతుకుతావు, అవతల వాళ్ళ బట్టలు ఉతికేవాడితో నీకేమైనా పగ ఉందా?"

లేదు. అతను మంచివాడు. బూట్ల మేకులు తక్కువైతే చేబదులిచ్చేవాడు.

"ఇప్పుడే వెళ్ళు. ఇవన్నీ నేను చూసుకుంటాను. బస్సు దొరక్కపోతే నా కారు తీసుకెళ్ళు."

వెళ్ళాల్సింది. అప్పటికి అక్క ఇంకా మాట్లాడుతోంది, మనుషుల్ని పోల్చుకుంటోంది. "సమానమైంది కదా, గెలవలేదు కదా" అన్నాను నేను. అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీదుంది.

కప్పు మ్యాచ్ ఎండలు ముదిరాక వచ్చింది. నాలుగు రోజుల ముందు నా భార్య ఫోన్ చేసింది. "ఆవిడ కళ్ళు తెరవడంలేదు. నేను ఇక్కడే ఉండిపోతున్నాను. మీరు మాత్రం మీ మ్యాచ్ చూసుకునే రండి." కోపం కూడా లేదు ఆ గొంతులో. ఉండుంటే వెళ్ళేవాణ్ణేమో.

గెలిచాం. ఒకటి సున్నా. కెప్టెనే కొట్టాడు. ఊరు ఊరంతా రోడ్డు మీదకొచ్చింది. మురికి చొక్కాలు బుట్టలోనే వదిలేసి బస్సెక్కాను. వంతెన మీద బస్సు నత్తలా నడిచింది. ఆరేళ్ళ తర్వాత ఆ వీధి, ఆ మెట్లు, ఆ నీలం తలుపు. గెలిచి తొక్కాను గడప.

అక్క మంచం మీద చిన్నపిల్లంత అయిపోయింది. వంగి చెవి దగ్గర, "అక్కా, గెలిచాం" అన్నాను. ఇంకోసారి అన్నాను. ఊపిరి ఒక్కటే వస్తోంది, పోతోంది. చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నది నేనే, ఆవిడ పట్టుకోలేదు.

వంటింట్లో బావ టీ పెడుతున్నాడు. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. నానబెట్టిన మాట నాలుక మీదే ఉంది, ఉమ్మేయడానికి చోటు లేదు. ఆయన వెనక్కి తిరక్కుండానే మాట్లాడాడు.

"గెలిచారుగా."

"ఆఁ."

"చూశాను. మంచం పక్కనే టీవీ పెట్టాను. మొదటి మ్యాచ్ అప్పుడే మీ అక్క చెప్పింది, 'ఏవండీ, ఈ ఒక్కసారికి మా తమ్ముడి జట్టు గెలవాలనుకోండి, వాడొస్తాడు' అని. నవ్వాను. తర్వాత నిజంగానే అనుకున్నాను." స్టవ్ తగ్గించాడు. "రెండోసారి ఆఖర్లో మావాడు గోల్ కొట్టాడు చూడు. పక్కిళ్ళవాళ్ళంతా గంతులు. నేను ఏడ్చాను రా. పుట్టి బుద్ధెరిగాక మా గోల్‌కి ఏడ్చింది అదొక్కసారే. మీ అక్కకి ఒకటే నవ్వు. 'మీ వాళ్ళు కొడితే మీరేడుస్తారేంటండీ' అని. ఆ తర్వాత మళ్ళీ అంత నవ్వు నవ్వలేదు."

"నువ్వొచ్చి ఒక్కమాట పిలిస్తే..."

"పిలవాల్సింది. రెండుసార్లు వంతెన దాకా వచ్చాను కూడా. గెలిచినవాణ్ణి నేనొస్తే దెప్పడానికొచ్చాననుకుంటావని తిరిగెళ్ళిపోయాను." కప్పు నా చేతికిచ్చాడు. "నీ సంగతి నాకు తెలుసు కదా. నేనూ అంతే."

టీలో చక్కెర వెయ్యలేదు. ఇద్దరం అలాగే తాగాం.

అక్క మూడో రోజు పొద్దున పోయింది.

మర్నాడు ఇంటి ముందు ఒక కారు ఆగింది. మా కెప్టెనూ అవతలి గోలీ ఇద్దరూ అందులోంచే దిగారు. వీధి వీధంతా తలుపుల్లోకొచ్చింది. నీలిజట్టు వీధిలోకి ఎర్రజట్టు కెప్టెన్! ఇద్దరూ మామూలు చొక్కాల్లో, చెప్పులు బయట విడిచి, ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడ పక్కన నిలబడ్డారు. గోలీ బావ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "చాలా బాధగా ఉంది పెద్దాయనా" అన్నాడు. బావ తలూపి, "కూర్చో నాయనా. ఏం చేస్తుంటావు నువ్వు?" అని అడిగాడు. ఆ గోలీ ఆపిన ప్రతి బంతీ బావకి కంఠతా వచ్చు. ఆ రోజు మాత్రం మొహం గుర్తుపట్టలేదు. గోలీ నా వైపు చూశాడు. తర్వాత, "ఏదో చిన్న ఉద్యోగం" అన్నాడు.

సీజను అయిపోయాక ఆ సెలవుల్లో కెప్టెన్ నిజంగానే నీలిజట్టుకి వెళ్ళిపోయాడు. మనవాళ్ళు మైదానం గేటు ముందు అతని చొక్కాలు కుప్పపోసి తగలబెట్టారు. ద్రోహి అన్నారు. నన్ను కూడా నాలుగు మాటలనమన్నారు. నేను లోపల ఇస్త్రీపెట్టె వేడి చేసుకుని, స్టోరులో మిగిలిన చొక్కాల మీంచి అతని పేరు ఒక్కో అక్షరం ఊడదీస్తున్నాను. నిదానంగా వేడిచేస్తే గుడ్డ చిరగకుండా ఊడొస్తుంది.

మళ్ళీ వానలు తగ్గాయి, మళ్ళీ సీజను మొదలైంది, మళ్ళీ వాళ్ళతోనే మొదటి మ్యాచ్. మూడు సున్నాతో ఓడాం. అందులో రెండు అతనే కొట్టాడు, కొట్టి గంతులు కూడా వేశాడు. వెయ్యాలి మరి, పని బాగా చేసినవాడు. నడవలో నన్ను చూసి ఆగి, నా భుజం మీద చెయ్యి వేసి, చెమటకి తడిసిన నీలం చొక్కా విప్పి మా కొత్త కెప్టెన్ చేతికిచ్చి వెళ్ళాడు.

అది నా బుట్టలోకే వచ్చింది. కాసేపు మేకు వైపు చూశాను. తర్వాత తిరగేసి, మా పద్నాలుగు ఎర్రచొక్కాలతో పాటు అదే మెషీన్‌లో వేశాను. గంట తర్వాత తీసి ఒక్కొక్కటీ దులిపి చూశాను. ఎక్కడా ఒక్క దారం రంగు మారలేదు.

తీగ మీద ఆరేసి, గదికి తాళం వేసి, బస్సెక్కాను. అవతలి వీధుల్లో టపాసులు పేలుతున్నాయి, కుర్రాళ్ళు నీలం జెండాలు ఊపుతున్నారు. బావ ఇల్లు ఒక్కటే చప్పుడు లేకుండా ఉంది. తలుపు కొట్టాను. టీవీ మీద గుడ్డ కప్పి ఉండడం గుమ్మంలోంచే కనబడింది. ఆయన నన్ను చూసి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ చూశాడు.

"గెలిచారా?"

"లేదు బావా. ఓడిపోయాం."

ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు.